ఇరవై రెండు నిమిషాలు

రాతి పని కొట్టు,
జూన్ 6

మరదలికి,

బాగున్నావని తలుస్తాను. నీ నంబరు పనిచేయడం లేదు, అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద నీకు రాసి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. నా రాత రాతి మీద బాగానే ఉంటుంది, కాగితం మీద కాస్త ఓపిక చేసుకుని చదువు.

విషయం ఏమిటంటే, నీ కళ్లజోడు మా ఇంట్లో ఉండిపోయింది. కిందటి సెప్టెంబరులో అమ్మ పోయినప్పుడు వచ్చి పన్నెండు రోజులున్నావు కదా, అప్పుడు వంటింటి కిటికీలో పెట్టి మరిచిపోయినట్టున్నావు. నిన్న కిటికీ తుడుస్తుంటే కనపడింది. పంపమంటే పంపిస్తాను. నాటకశాల చిరునామాకే పంపాలా, వేరే ఎక్కడికైనా మారావా?

ఇక్కడ వాన మొదలైంది. కొట్టు ముందు పేర్చిన రాళ్లన్నీ తడిసి నల్లబడ్డాయి. తడి రాయి మీద సుద్ద గీత నిలవదు కాబట్టి రెండు రోజులుగా పని లేదు. ఒక ఆసుపత్రి కొత్త భవనానికి ప్రారంభోత్సవ శిలాఫలకం చెక్కాలి. ముఖ్య అతిథి ఇప్పటికి మూడుసార్లు మారాడు. పేరు ఖాయమయ్యేదాకా ఉలి పెట్టనని ముందే చెప్పాను కాబట్టి బతికిపోయాను, లేకపోతే ఈపాటికి మూడు రాళ్లు నా నెత్తిన ఉండేవి.

అమ్మ మంచం వరండాలోకి మార్చాను. ఇంకా విశేషాలేమీ లేవు. నువ్వెలా ఉన్నావు?

నీ బావ

---

నాటకశాల, దుస్తుల గది పక్కన,
జూన్ 17

గౌరవనీయులైన బావగారికి,

కళ్లజోడా! తొమ్మిది నెలల తర్వాత కళ్లజోడా! ఈ తొమ్మిది నెలలూ నేను గోడలు తడుముకుంటూ తిరుగుతున్నాననుకున్నావా? ఊరికి తిరిగొచ్చిన వారానికే కొత్తది కొనుక్కున్నాను. అయినా కిటికీ తుడవడానికి తొమ్మిది నెలలు పట్టిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. చిన్నప్పుడు నీకు నత్త అని పేరు పెట్టింది నేనే, దానికి బదులుగా నువ్వు నన్ను పిట్ట అనేవాడివి.

నువ్వు అడగాల్సింది అడగలేదు కాబట్టి అడగకుండానే చెబుతున్నాను. నా నంబరు పనిచేయకపోవడానికి కారణం, ఫిబ్రవరిలో నేను సిమ్ము తీసి టీ గ్లాసులో పడేయడం. టీ కూడా వేడిగానే ఉంది.

నా పని నీకు తెలుసు. పదిహేడేళ్లుగా రంగస్థలం పక్కన తెర చాటున స్టూలు మీద కూర్చుంటాను. ఒళ్లో నాటకం రాతప్రతి ఉంటుంది. నటుడు మాట మరిచిపోతే, జనానికి వినపడకుండా, అతనికి మాత్రం అందేలా ఆ మాట అందిస్తాను. ప్రాంప్టర్ పనికి గొంతు ముఖ్యమని అందరూ అనుకుంటారు. గొంతు కాదు. ఎదుటివాడు ఎందుకు ఆగాడో పోల్చుకోవడం ముఖ్యం. నటనలో భాగంగా ఆగితే అతని కళ్లు ఎదుటి పాత్ర మీద ఉంటాయి. మరిచిపోయి ఆగితే కళ్లు నేల మీదికి దిగుతాయి. నేను మూడు ఊపిరులు లెక్కపెడతాను. మూడూ అయ్యాక కూడా మాట రాకపోతే అందిస్తాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు మాట అందించలేదు. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు, సరే, గొప్పకే చెబుతున్నాను.

ఫోన్లో కళ్లు కనపడవు బావా. అక్కడ నా విద్య పనిచేయలేదు.

అత్త పోయాక, నేను తిరిగొచ్చిన దగ్గర్నుంచి మనం రోజూ రాసుకున్నాం. నేనే ఎక్కువ రాశానులే. పంపిన మాట పంపిన క్షణంలోనే నీలం గీతలయ్యేది. అంటే చూశావు. పేరు కింద ఆన్‌లైన్ అని ఉండేది. అంటే ఉన్నావు. జవాబు మాత్రం ముప్పావు గంటకి, ఒక్కోసారి సాయంత్రానికి. నేను ఆ ముప్పావు గంటలో ఎన్ని రకాలుగా చచ్చి బతికేదాన్నో నీకు తెలియదు. ఏమన్నా తప్పు రాశానా అని రాసింది మళ్లీ చదువుకునేదాన్ని. చివర చుక్క పెట్టడం వల్ల కోపంగా ఉందేమో అనుకునేదాన్ని. ఆగలేక ఫోన్ చేస్తే ఎత్తేవాడివి కాదు. 'టైప్ చెయ్యి' అని ఒక ముక్క వచ్చేది. చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు లోకంలో బోలెడుమంది. చూశానని చెప్పి మరీ ఊరుకునేవాడివి నువ్వొక్కడివే.

ఫిబ్రవరి చివరి శనివారం, ఆట విరామంలో, స్టూలు మీద కూర్చుని, నలభై ఒక్కేళ్లు వచ్చిన మనిషిని పదహారేళ్ల పిల్లలా చెమటలు కక్కుతూ నీకు రాశాను: 'నేను అక్కడికి వచ్చేయనా?'

వెంటనే నీలం. కాసేపటికి టైపింగ్. ఆగింది. మళ్లీ టైపింగ్. మళ్లీ ఆగింది. నా ఫోన్లో గడియారం చూసుకున్నాను, ఇరవై రెండు నిమిషాలు. ఎన్ని ఊపిరులో లెక్క తప్పింది.

మన పెళ్లి మాట ఎత్తిన రోజు గుర్తుందా? ఇరవై ఏళ్ల కిందట మా నాన్న, అత్త నిన్ను కూర్చోబెట్టి అడిగారు. నువ్వు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, నేను తలుపు చాటున ఆ సగం కోసమే నిలబడ్డాను. సగం దొరికితే మిగతా సగం నేను చూసుకునేదాన్ని. నాన్న మాత్రం 'వాడికి ఇష్టం లేనట్టుందే' అని లేచిపోయాడు. ఆ విరామంలో నాకు ఆ తలుపే గుర్తొచ్చింది.

మూడో గంట కొట్టారు. రెండో అంకం మొదలైపోతోంది. అప్పుడు నా వృత్తి నాకు నేర్పిన పనే చేశాను. నీకు మాట అందించాను. 'సరేలే, అర్థమైంది. వద్దు.'

అదీ నీలమైంది. ఆ తర్వాత టైపింగ్ లేదు, ఉలుకూ పలుకూ ఏమీ లేవు.

రెండో అంకంలో రాజు వేషం వేసే పెద్దాయన నిజంగానే మాట మరిచిపోయాడు. నేల చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను ఫోన్ చూస్తున్నాను. జనం నవ్వారు. పదిహేడేళ్లలో అది మొదటిసారి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా సిగ్గుగా ఉంది.

నీతో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కళ్లజోడు నీ దగ్గరే ఉంచుకో.

మరదలు

తా.క. వరండాలో జల్లు కొడుతుంది. అత్త మంచం లోపలికి జరుపు.

---

రాతి పని కొట్టు,
జూలై 2

పిట్టకి,

మంచం లోపలికి జరిపాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తిట్లు కూడా నీ చేతిరాతలో చూస్తే బాగానే ఉన్నాయి. నాలుగు నెలలుగా అవి కూడా లేవు.

నువ్వు రాయగానే నీలం ఎందుకయ్యేదో చెబుతాను. కొట్టులో నేను కూర్చునే చోట ఎదురుగా ఒక ఇసుక సంచి ఉంటుంది. ఫోన్ దానికి ఆనించి, నీ పేరు తెరిచి పెట్టుకునేవాణ్ని. పొద్దున కొట్టు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా. స్క్రీను ఆరిపోకుండా ఫోన్ల షాపులో సెట్ చేయించుకున్నాను. నువ్వు రాయగానే కింద నుంచి తెల్లగా ఒక గడి పైకి లేస్తుంది, అది నాకు కంటి కొసలోంచి కనపడుతుంది. నేను చదివినా చదవకపోయినా ఆ తెరిచి ఉన్న పేరు వల్ల నీ దగ్గర నీలం అయిపోతుందని నాకు తెలియదు. నీ ఉత్తరం చదివాక ఆ షాపతన్నే వెళ్లి అడిగాను. అతను నవ్వి, 'అవును సార్, మీరు చూస్తున్నట్టే లెక్క' అని బిల్లు కాగితం మీద రాసి చూపించాడు.

అప్పటికి నా చేతుల్లో ఉలి, సుత్తి ఉంటాయి. చెక్కడం మొదలుపెట్టిన అక్షరాన్ని సగంలో వదలకూడదు. వదిలి మళ్లీ కూర్చుంటే దెబ్బ మారుతుంది, అక్షరంలో అతుకు కనపడుతుంది. అక్షరం పూర్తయ్యాక చేతులు కడుక్కుని నీ మాట చదివేవాణ్ని. నీ ముప్పావు గంట అదీ.

ఇక ఇరవై రెండు నిమిషాలు. నా దగ్గర ఒక పలక ఉంది. రాయి మీదికి వెళ్లే ప్రతి మాటా ముందు ఆ పలక మీద రాసి, దూరంగా పెట్టి చూసుకుని, అప్పుడు ఎక్కిస్తాను. రాతి మీద తుడుపు ఉండదు కదా. ఆ సాయంత్రం నీ ప్రశ్న చూడగానే పలక తీశాను. ముందు 'రా' అని రాశాను. పిల్లిని పిలిచినట్టుంది, తుడిచాను. 'నువ్వు తప్పక రావలెను' అని రాశాను. శుభలేఖలా ఉంది, తుడిచాను. తర్వాత కొంచెం పెద్దది రాశాను. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. దాన్ని 'రా' అనే మాటకి ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా అని తేలలేదు. ముందు పెడితే వద్దన్నట్టుంది. తర్వాత పెడితే మోసం చేసినట్టుంది. ఫోన్లోకి ఎక్కించడం, తుడవడం, మళ్లీ పలక. ఆ మధ్యలో నీ 'వద్దు' వచ్చింది.

అది చూసి నాకేమనిపించిందో నిజం చెప్పనా? హమ్మయ్య అనిపించింది. ఆ సంగతి చెప్పే పని తప్పింది అనిపించింది. ఆ హమ్మయ్య ఒక్క నిమిషం నిలిచిందేమో. ఆ తర్వాత నీకు ఏం రాసినా నువ్వు కాదనుకున్న విషయాన్ని మళ్లీ లాగినట్టవుతుందని ఊరుకున్నాను. ఫోన్ మాత్రం ఇప్పటికీ సంచికి ఆనించే ఉంది. కింద నుంచి ఏ గడీ లేవదు.

మామయ్య అడిగిన రోజు కూడా 'సరే' అనే మాట నా నోట్లోనే ఉంది. ఊరికే సరే అంటే బరువు చాలదేమో, ఇంకేమైనా కలపాలా అని చూసుకుంటున్నాను. ఈలోపు ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఆ సంగతేమిటో ఇంకోసారి రాస్తాను. శిలాఫలకం మొదలుపెట్టాను. నాలుగో అతిథి ఖాయమట.

నత్త

---

నాటకశాల, మెట్ల కింద,
జూలై 14

బావా,

'తప్పక రావలెను' దగ్గర నవ్వాపుకోలేక బయటికొచ్చాను. దుస్తులు కుట్టే అక్క లోపలి నుంచి అరిచింది, 'ఏమే, లాటరీ తగిలిందా?' అని. ఇంచుమించు అలాంటిదే అన్నాను.

పలక మీద పెద్దది రాశావే, అందులో నీ అక్షరాలు ఎలా ఉన్నాయో చూడాలనిపిస్తోంది. తుడిచేసిన పలక మీద ఏముంటుందని నవ్వకు. నాకు నిన్నే చూడాలనిపిస్తోంది, పలక వంక పెడుతున్నాను.

ముందు ఇక్కడి విషయం చెప్పేస్తాను. మా కంపెనీ రెండేళ్లు ఊళ్లు తిరగబోతోంది. ఊరికి రెండు వారాలు, సామాను సర్దుకోవడం, ఇంకో ఊరు. వచ్చేవాళ్లు ఆగస్టు పదిలోగా సంతకం పెట్టాలి. సంతకం పెడితే రెండేళ్లు నాకు చిరునామా ఉండదు. పెట్టకపోతే ఉద్యోగం ఉండదు. నువ్వు రమ్మంటే పెట్టను, పెట్టె సర్దుకుని నీ దగ్గరికి వచ్చేస్తాను. రావద్దంటే పెడతాను. మధ్యలో నిలబడటం మాత్రం నావల్ల కావడం లేదు. ఉత్తరానికి తొమ్మిది పది రోజులు పడుతోంది. నీకు ఇది ఇరవై నాలుగున అందుతుంది, నువ్వు వారం ఆలోచించినా గడువులోపు నాకు చేరుతుంది. నత్త నడక కూడా కలిపే లెక్క వేశాను.

ఇప్పుడు రెండో విషయం. నీ ఉత్తరం మళ్లీ చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఫోన్ తెరిచి ఎదురుగా పెట్టుకున్నావు, కంటి కొసలోంచి కనపడేలా. ఎందుకు బావా? ఫోన్ మోగుతుంది కదా. ఎవరైనా జేబులో పడేసుకుని, మోగినప్పుడు తీసి చూస్తారు. దాన్ని పొద్దస్తమానం దీపంలా వెలిగించి ఎదురుగా పెట్టుకునేవాడు ఎవరు?

అక్కణ్నుంచి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నేనెన్నిసార్లు ఫోన్ చేసినా నువ్వు ఎత్తలేదు. అత్త పోయిన ఆ పన్నెండు రోజుల్లో, వంటింట్లోంచి 'టీ పెట్టనా?' అని అడిగితే నీ దగ్గర్నుంచి జవాబు ఉండేది కాదు. కప్పు పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడితే 'ఇప్పుడే అనుకుంటున్నా' అనేవాడివి. ఒకరోజు కుక్కరు విజిలు మీద విజిలు వేస్తోంది. నువ్వు పక్కనే పీట మీద కూర్చుని నీ గోళ్లు చూసుకుంటున్నావు. తల్లిని పోగొట్టుకున్న మనిషి, ఏ లోకంలో ఉన్నాడో అనుకుని నేనే వచ్చి కట్టేశాను. గేటు తట్టినవాళ్ల దగ్గరికి ప్రతిసారీ నేనే వెళ్లాను. సాయంత్రం మాట్లాడుకోవడానికి కూర్చుంటే, నీ కుర్చీ ఎప్పుడూ నాకు ఎదురుగా, లైటు నా మొహం మీద పడేలా జరుపుకునేవాడివి. నన్ను చూడటం కోసమనుకుని మురిసిపోయాను. నా మొహానికి అంత సీను లేదని అప్పుడే అనుమానం రావాల్సింది.

ఇంకొక్క వాక్యం రాస్తే అయిపోతుంది. ఆ వాక్యం నా నాలుక చివరే ఉంది. పదిహేడేళ్లుగా నా బతుకంతా ఆ చివరి వాక్యం అందించడమే. రాయను. ఈసారి అందించను. నువ్వు ఎంతసేపు ఆగితే అంతసేపు ఆగుతాను, కానీ ఆ మాట నువ్వే చెప్పాలి.

ఆ శంఖం సామెత రాసిన చేతిని విరిచేసుకోవాలనిపించింది. క్షమించమని అడగను, ఎందుకంటే క్షమించమని అడిగితే ఆ వాక్యం నేను పూర్తిచేసినట్టే.

పిట్ట

---

నాటకశాల,
ఆగస్టు 9

బావా,

ఇది నీకు చేరేసరికి గడువు దాటిపోతుందని తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

కాగితానికి నీలం గీతలు లేవు. అందిందో లేదో తెలియదు, చదివావో లేదో తెలియదు. మొదట్లో ఇదే సుఖమనుకున్నాను. జవాబు రాకపోతే మనిషిని అనుమానించక్కర్లేదు, పోస్టాఫీసుని అనుమానిస్తే సరిపోతుంది. నాలుగు రోజులు పోస్టాఫీసుని తిట్టాను, ఐదో రోజు మళ్లీ నీ దగ్గరికే వచ్చాను. రోజూ మా గేటు కాసే పెద్దాయన నన్ను చూడగానే దూరం నుంచే తల అడ్డంగా ఊపుతున్నాడు. నిన్న పాపం నన్ను చూసి ఆయనే లోపలికి వెళ్లిపోయాడు.

'నువ్వు ఏమీ అనక్కర్లేదు, నేను సంతకం పెట్టేస్తున్నాను' అని ఒక ఉత్తరం రాశాను. కవరులో పెట్టాను. అది మళ్లీ అదే పని కదా అని చింపేశాను. మేనేజరుగారి దగ్గరికి వెళ్లి ఇంకొన్ని రోజులు గడువు అడిగాను. 'అందరికీ మాట అందించేది మీరు, మీకే మాట రాకపోతే ఎలాగమ్మా?' అన్నాడు. శనివారం దాకా ఇచ్చాడు.

నువ్వు లేకుండా నాకు బాగోలేదు బావా. కోపమేమీ లేదు. ఊపిరులు లెక్కపెట్టడం కూడా మానేశాను. ఊరికే ఎదురుచూస్తున్నాను.

పిట్ట

---

నాటకశాల బయట, బెంచీ మీద,
ఆగస్టు 13, సాయంత్రం

పిట్టకి,

మీ గేటు కాసే పెద్దాయన చేతికి ఇది ఇస్తున్నాను. విరామంలో నీకు అందిస్తానన్నాడు. నేనెవరో చెప్పకముందే 'ఉత్తరాలాయన మీరేనా?' అని అడిగాడు. రెండుసార్లు అడిగాడు, రెండోసారి నా మొహం దగ్గరికొచ్చి. అప్పుడు అర్థమైంది.

నాకు వినపడదు.

ఇది రాసి పోస్టు చేయడానికి ఒక్క కాగితం, ఒక్క రోజు చాలు. అది నాకూ తెలుసు. కానీ ఎంత వినపడదో, ఇంకెంత పోతుందో నాకే తెలియదు. ఖాయం కాని పేరు చెక్కడం నాకు చేతకాదు. అందుకని చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఒక గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి తొడుగులు పెట్టింది. శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తమని కాగితం మీద రాసి చూపించింది. నేను సిద్ధంగా కూర్చున్నాను. ఆమె ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. చాలాసేపటికి ఆమె తలుపు తీసుకుని వచ్చి తొడుగులు తీసేసింది. అయిపోయిందట.

కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది పావు వంతు ఉంది, అదీ ఎన్నాళ్లో చెప్పలేనంది. పాతికేళ్ల సుత్తి, పదేళ్ల కోత మిషను. ఎడమ చెవికి ఒక మిషను పెట్టింది. అది రావడానికి పన్నెండు రోజులు ఆగాల్సి వచ్చింది. దానితోనైనా నీ గొంతు వినగలనేమో చూసుకుని రాద్దామని ఆగాను. తలుపు పడిన చప్పుడు తెలుస్తోంది, బస్సు హారను తెలుస్తోంది. మనుషుల మాట మాత్రం గోడ అవతల మాటలాగే ఉంది.

కానీ నీ మాట నాకు తెలుస్తుంది. అది నీకు తెలియదు. గొంతు బయటికి రాకుండా ప్రతి అక్షరాన్నీ పెదాలతో విడివిడిగా పలకడం ఇన్నేళ్లుగా నీ పని. ఇంట్లో మాట్లాడినా అలాగే మాట్లాడతావు. ఆ పన్నెండు రోజుల్లో పలకరించడానికి ఎంతమంది వచ్చారు! ఒక్కరు ఏమన్నారో నాకు తెలియదు, అందరికీ తల ఊపాను. నువ్వు ఎదురుగా ఉండి చెప్పిన ఒక్క మాట కూడా పోలేదు. నువ్వు వెళ్లిన రోజు నుంచి ఆ ఇంట్లో నాతో మాట్లాడిన మనిషి లేడు.

పలక మీద ముందు పెట్టాలా వెనక పెట్టాలా అని తేలక తుడిచింది ఇదే. దీపం ఆర్పితే నువ్వు నాకు లేనట్టే. పక్క గదిలోకి వెళ్లినా లేనట్టే. వెనక నుంచి పిలిస్తే నేను తిరగను, నీకు మళ్లీ ఆ తలుపు చాటే. చీకట్లో గుసగుసగా చెప్పడం నీ విద్య. అది మా ఇంట్లో ఎవరికి పనికొస్తుంది? అలాంటి ఇంటికి ఉన్న ఉద్యోగం మానుకుని రమ్మని ఏ మొహం పెట్టుకుని పిలవను?

ఇంకో దారి ఉందని నాకు తట్టడానికి ఇన్ని నెలలు పట్టింది. నువ్వు మానొద్దు. సంతకం పెట్టు. నేను వస్తాను.

కొట్టుకి తాళం వేశాను. ఆసుపత్రి ఫలకం ఇచ్చేశాను, మిగతా రాళ్లు పక్క కొట్టువాడికి అప్పజెప్పాను. ఉలులు, సుత్తి సంచిలో ఉన్నాయి. మీ కంపెనీకి బోర్డులు రాసేవాడు కావాలేమో అడుగు. అక్కర్లేదంటే ఏ ఊళ్లోనైనా గేటు మీద పేరు చెక్కించుకోవాలని ముచ్చటపడేవాళ్లు ఉంటారు, నా పని నేను చూసుకుంటాను. పదో తారీకు దాటిపోయిందని తెలుసు. నువ్వు సంతకం పెట్టేసినా సరే, పెట్టకుండా ఉద్యోగం పోగొట్టుకున్నా సరే, నేను వచ్చేశాను.

నాకు నువ్వు కావాలి. ఇది పలక మీద రాసి చూసుకోలేదు, నేరుగా రాస్తున్నాను. ఎలా ఉందో తెలియదు. మామయ్య అడిగిన రోజు కూడా నువ్వే కావాలి.

జవాబుకి తొందరేం లేదు. ఆట అయ్యాక చెప్పు. నేను ఇక్కడే కూర్చుంటాను.

నీ బావ

---

తెర చాటున,
అదే రోజు, విరామం

బావా,

పెద్దాయన పరిగెత్తుకుంటూ తెచ్చాడు, మోకాళ్ల నొప్పులున్న మనిషి. నిలబడే చదివాను. ఇప్పుడు కళ్లజోడు తుడుచుకుని రాస్తున్నాను.

సంతకం ఇంకా పెట్టలేదు. శనివారం దాకా టైముంది. మేనేజరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.

ఆట అయ్యాక చెప్పమంటావా? రెండో అంకం గంటకి పైనే ఉంటుంది. అంతసేపు నువ్వు ఆగగలవేమో, నావల్ల కాదు. పక్క తలుపు తీయించాను. నా స్టూలు పక్కన ఇంకో స్టూలు వేశాను. రాతప్రతి మీద చిన్న లైటు ఉంటుంది, దాన్ని నా మొహం వైపు తిప్పాను. ఎవరికీ ఇబ్బంది లేదు.

గంట కొట్టేస్తున్నారు. వచ్చేయ్. లోపల చీకటిగా ఉంటుంది, మెట్లు మూడున్నాయి, చూసుకుని రా.

పిట్ట